నవ్వించే గేయం చెప్పాను, ఒక్కరూ నవ్వలేదు (మూడో తరగతి తెలుగు)

చాక్‌పీస్ | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. బోడుప్పల్ వైపు ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో మూడో తరగతికి తెలుగు చెబుతున్నాను. ఇది రెండో ఏడాది. క్లాసులో 38 మంది. ఈ వారం కుటుంబం మీద సరదా గేయం ఏదైనా చెప్పమన్నారు. పుస్తకంలోవి అయిపోయాయి కాబట్టి నేనే ఒకటి అల్లాను. మా నాన్న గురక మా గల్లీలో ఫేమస్, దాని మీదే.

గుర్రు గుర్రు గుర్రు గుర్రు నాన్న గురక మొదలైంది
గోడమీద బల్లిపిల్ల గుడ్లు తేలవేసింది

బస్సు వచ్చెనేమొ అంటు అవ్వ సంచి తీసింది
మిక్సి ఆపలేదె అంటు అమ్మ లేచి చూసింది

వీధి చివరి కుక్క వచ్చి వంత పాట పాడింది
దుప్పటంత చుట్టబెట్టి చెల్లి మూట అయ్యింది

నిన్న రాత్రి నైటు డ్యూటి నాన్న ఇంట లేడు
గుర్రు లేదు గిర్రు లేదు గోల లేదు చూడు

అవ్వ అటూ దొర్లింది అమ్మ ఇటూ దొర్లింది
గోడమీద బల్లిపిల్ల గడియారం చూసింది

ఇంట్లో చదివితే మా అమ్మ పడీ పడీ నవ్వింది. నాన్న మాత్రం ఇంకా మాట్లాడటం లేదు. ఆ ధైర్యంతో క్లాసుకెళ్ళాను. బోర్డు మీద రాశాను, పిల్లలు నోట్సులోకి ఎక్కించుకున్నారు. వంత పాట అంటే ఏమిటి, మూట అంటే ఏమిటి అని అర్థాలు చెప్పాను. భావం చెప్పాను. "గురక విని అవ్వ ఏమనుకుంది?" లాంటి ప్రశ్నలు ఆరు ఇచ్చాను. అందరూ కరెక్టుగా రాశారు. "అవ్వ బస్సు వచ్చింది అనుకుంది." 38 నోటు పుస్తకాల్లో ఒకటే వాక్యం. ఒక్కరూ నవ్వలేదు. అబద్ధమెందుకు, వెనక బెంచీ బాబు ఒకడు మొదట్లో కిసుక్కుమన్నాడు. నేనే "ష్ష్, సైలెన్స్" అన్నాను.

టెన్షన్ ఏమిటంటే ఎఫ్‌ఏ, అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంట్, దగ్గరపడింది. అందులో "పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు" అని ఒక గడి ఉంటుంది కదా. ప్రతిస్పందన అంటే నేనడిగిన దానికి జవాబు చెప్పడమేనా? గురువారం మళ్ళీ పీరియడ్ ఉంది. ఏం చేయమంటారు?

పాతపలక | సోమవారం, రాత్రి 9:50

గేయం బాగుందమ్మా. దాన్ని పాతిపెట్టిన పద్ధతి కూడా నాకు బాగా తెలుసు, ఎందుకంటే తెలుగు పండిట్‌గా చాలా ఏళ్ళు నేనూ అదే చేశాను. జోకు చెప్పబోయే ముందు అందులోని కఠిన పదాలకు అర్థాలు రాయించే మనిషి పెళ్ళి బంతిలో మన పక్కన కూర్చున్నాడనుకోండి, పెరుగన్నం దాకా ఆగుతామా?

మొదటిసారి పిల్లల కంటికి అక్షరం కనపడకూడదు. పుస్తకం మూయించండి, బోర్డు తుడిచేయండి. చెవులు చాలు. "గుర్రు గుర్రు" అని చదవకండి, గురక పెట్టండి. సిగ్గుపడితే కుదరదు. అవ్వ మాట అవ్వ గొంతుతో, అమ్మ మాట నిద్రమత్తు విసుగుతో. మీరు మాత్రం నవ్వకండి. చెప్పేవాళ్ళు ముందే నవ్వితే వినేవాళ్ళకు పని మిగలదు.

ఇంకో సంగతి. చప్పట్లు కొడుతూ చదివి చూశాను. అన్ని పాదాల్లోనూ రెండో సగానికి నాలుగు చప్పట్లు పడుతున్నాయి. "నాన్న ఇంట లేడు", "గోల లేదు చూడు" దగ్గర మాత్రం మూడే. నాలుగో చప్పట్లో మాట లేదు, ఖాళీ. నాన్న లేని రాత్రి పాటలో కూడా ఒక చోటు ఖాళీ అయిపోయింది. తెలిసి రాశారో లేదో గానీ పిల్లల చేత కొట్టించండి. మీరు చెప్పొద్దు, వాళ్ళ చేతులే పట్టుకుంటాయి.

చాక్‌పీస్ | సోమవారం, రాత్రి 10:05

సార్, నిజం చెప్పనా? అక్కడ మాట దొరక్క వదిలేశాను.

ఇరానీచాయ్ | సోమవారం, రాత్రి 10:31

మంచి సలహాలే. కానీ నేల మీదకి రండి సార్. నేనూ ప్రైవేటు స్కూలే. 40 నిమిషాల పీరియడ్, అందులో పది నిమిషాలు డైరీ రాయించడానికే సరి. పేరెంట్స్ మీటింగ్‌లో మొదటి ప్రశ్న "నోట్సులో ఎన్ని పేజీలు అయ్యాయి?" గురక పెట్టించామంటే నోట్సులో ఏం చూపిస్తాం? పైగా 38 మంది ఒకేసారి గురక పెడితే పక్క క్లాసులో లెక్కల మేడం, ఆ వెనకే ప్రిన్సిపాల్. పోయినేడు నేను ఒక జంతువుల పాటకు యాక్షన్ చేయిస్తే "సార్ క్లాసు కంట్రోల్ లేదు" అని రిజిస్టర్‌లో పడింది.

పిల్లలు నవ్వకపోతే నష్టమేముంది అని కూడా నా డౌటు. జవాబులు కరెక్టుగా రాశారు కదా.

కూకట్‌పల్లి_నాన్న | సోమవారం, రాత్రి 11:02

టీచర్‌ని కాను, పేరెంట్‌ని. మా పాప సీబీఎస్‌ఈలో మూడో తరగతి. 2018లో వచ్చిన చట్టం వల్ల అక్కడ కూడా తెలుగు తప్పనిసరి. మంచిదే, కానీ పాపకి తెలుగంటే ఖాళీలు పూరించడం, అంతే. ఇంట్లో గడగడా మాట్లాడుతుంది, పేజీ చూస్తే ముఖం ముడుచుకుంటుంది.

ఇప్పుడే ఈ గేయం చదివి వినిపించాను. (పడుకోకుండా ఉంది, అది వేరే కథ.) రెండో పాదం దగ్గర ఆపేసి "నాన్నా, భయానికి బల్లి గుడ్లు పెట్టేసిందా?" అని అడిగింది. కళ్ళు తేలేయడం అని చెప్పబోయి ఆగాను. నేను ఆగేలోపే గుడ్లు గోడ మీంచి దొర్లుతున్నట్టు బొమ్మ కూడా గీసేసింది. ఇది తప్పు అర్థమా? దిద్దాలా?

ఇరానీచాయ్ గారూ, పేజీలు లెక్కపెట్టే పేరెంట్స్‌లో నేనూ ఉన్నాను. ఇంకేం లెక్కపెట్టాలో మాకెవరూ చెప్పలేదు మరి.

అచ్చులూ_హల్లులూ | మంగళవారం, ఉదయం 6:40

టీచర్ ట్రైనింగ్ కాలేజీలో తెలుగు బోధన పద్ధతులు చెబుతాను. పాప ప్రశ్న బంగారం. దిద్దకండి, కానీ అక్కడే వదిలేయకండి కూడా. "గుడ్లంటే ఇంకేమైనా ఉన్నాయా? గుడ్లురిమి చూడటం విన్నావా?" అని అడగండి. ఐదారేళ్ళ పిల్లలు చప్పుళ్ళకీ, ఎవరైనా దబ్బున పడితేనూ నవ్వుతారు. ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి ఒక మాటకు రెండు అర్థాలు ఉండొచ్చని పట్టుకోవడం మొదలవుతుంది. పొడుపు కథల పిచ్చి పట్టేది కూడా ఆ వయసులోనే. రెండు అర్థాలూ తెలిసాక మీ పాప మళ్ళీ నవ్వుతుంది చూడండి, ఈసారి నవ్వు వేరేగా ఉంటుంది.

ఇరానీచాయ్ గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. లూయీస్ రోసెన్‌బ్లాట్ అని అమెరికాలో ఒక ఆచార్యురాలు ఉండేవారు. చదవడంలో రెండు రకాలున్నాయని ఆవిడ అన్నారు. మందు సీసా మీద రాసింది చదివినట్టు, అవసరమైన సమాచారం మోసుకుపోవడానికి చదివేది ఒకటి. చదువుతున్నంతసేపూ లోపల జరిగేదాన్ని అనుభవిస్తూ చదివేది రెండోది. చాక్‌పీస్ గారి ఆరు ప్రశ్నలూ మందు సీసా ప్రశ్నలే. "అవ్వ బస్సు అనుకుంది" అని రాయడానికి గేయం అర్థం కానక్కర్లేదు, ఆ పాదం ఎక్కడుందో వెతికితే చాలు. నవ్వు వస్తే గురకకీ బస్సు చప్పుడుకీ పోలిక వాళ్ళ బుర్రలో వెలిగిందని మనకు రుజువు. కాబట్టి నవ్వకపోతే నష్టముంది, అర్థమైందో లేదో మనకు తెలియకుండా పోతుంది.

అన్నట్టు, అడగాల్సిన అసలు ప్రశ్న గేయంలో ఎక్కడా జవాబు లేనిది. గోల తగ్గింది కదా, మరి ఎవరికీ నిద్ర ఎందుకు పట్టలేదు? ఒక్క పాదంలో కూడా "నాన్న మీద బెంగ" అని లేదు. పిల్లలే తెచ్చి అక్కడ పెట్టాలి.

మూసీగట్టు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

లంచ్‌లో రాస్తున్నా. పాతబస్తీ వైపు సర్కారు బడి. మా పిల్లల్లో సగం మందికి ఇంట్లో ఉర్దూ. చదవడం, రాయడం, లెక్కల పునాది గట్టిచేసే తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పటి నుంచి, అంటే 2022 నుంచి, ఎవరు ఏ స్థాయిలో చదువుతున్నారో రాసుకోవడం అలవాటైంది. అక్షరాలు కూడబలుక్కునే పిల్లలు కూడా మాటల్లో మాత్రం పులులు. అందుకే నేను పాట కంటే ముందు చప్పుళ్ళతో మొదలుపెడతా. "రాత్రి లైటు తీసేశాక మీ ఇంట్లో ఏం వినిపిస్తది?" అంతే. కూలరు, పక్కింటి టీవీ, బోరు మోటరు, తాత దగ్గు, దోమ. గురక మాట ఎవరో ఒకరు అంటారు. మా దగ్గరైతే "ఖర్రాటే సార్!" అంటారు. ఖర్రాటే, గురక రెండూ బోర్డు మీద పక్కపక్కన రాస్తా. రెండు మాటల్లోనూ ర ఉరుముతోంది చూడండి. అది కూడా పిల్లలే చెప్పారు, నాకు తట్టలేదు.

పాట అయ్యాక నాలుగే అడుగుతా. ఇంగ్లండ్‌లో ఎయిడన్ చాంబర్స్ అని పిల్లల రచయిత ఉండేవారు, ఆయన పద్ధతి ఇది. నచ్చిందేంటి, నచ్చనిదేంటి, తికమక పెట్టిందేంటి, మళ్ళీ మళ్ళీ వచ్చిందేంటి. "నచ్చనిది" అడిగేటప్పుడు గుండె దిటవు చేసుకోవాలి, మొహమాటం లేకుండా చెప్తారు. "తికమక" దగ్గరే ఎక్కువ దొరుకుతుంది. "ఎందుకు?" అని వెంటనే అడగొద్దు, భయపడి నోరు మూసుకుంటారు. "అది ఇంకొంచెం చెప్పు" అంటే చెప్తారు.

ఇరానీచాయ్ భాయ్, మొత్తం 25 నిమిషాలు పడుతుంది. గురక మూలుగుల సౌండు నేను చేతితో కంట్రోల్ చేస్తా. చెయ్యి పైకెత్తితే పెద్ద గురక, కిందకి దించితే చిన్నది, పిడికిలి బిగిస్తే టక్కున బంద్. రెండు రౌండ్లలో వాళ్ళకి ఆ పిడికిలి ఇష్టమైపోతుంది. నోట్సులో చూపించడానికి బొమ్మ, కింద ఒక్క వాక్యం, ఎవరిది వాళ్ళదే.

పాతపలక | మంగళవారం, రాత్రి 8:20

నవ్వు గురించి మాట వచ్చింది కాబట్టి ఒక చాదస్తం. భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వుల్ని ఆరుగా విడగొట్టాడు. స్మితం, పళ్ళు కనపడవు. హసితం, కాస్త కనపడతాయి. విహసితం, చిన్నగా వినపడుతుంది. ఉపహసితానికి ముక్కుపుటాలు ఉబ్బి భుజాలూ తలా వంగుతాయి. అపహసితానికి కళ్ళ నీళ్ళు, భుజాలు ఎగరడం. అతిహసితమైతే డొక్కలు పట్టుకుని అరుపులే. ఐదో తరగతికి ఇవి ఆటగా ఆడించాను ఒకసారి. ఏ పాదానికి ఏ నవ్వు వచ్చిందో నంబరు చెప్పమనేవాణ్ణి. "బల్లి గడియారం చూడటానికి ఎన్నో నంబరు?" అంటే వాదించుకునేవాళ్ళు. పద్యం మీద తీర్పు చెప్పడం అలా అలవాటైంది.

మొదటి రెండూ ఉత్తములవనీ, చివరి రెండూ అధములవనీ ఆయన అన్నాడు. ఆ లెక్కన మన ప్రాథమిక పాఠశాలలన్నీ ఏ కోవలోకి వస్తాయో చెప్పనక్కర్లేదు.

నైట్‌డ్యూటీ | మంగళవారం, రాత్రి 11:48

పేరు చూశారుగా, నర్సుని. వార్డు ప్రశాంతంగా ఉందని ఫోను తీశాను. రెండు ముక్కలు చెప్పి పోతా.

పిల్లలు "అసలు గురక ఎందుకొస్తుంది?" అని తప్పకుండా అడుగుతారు. నిద్రలో గొంతు వెనక మెత్తటి భాగాలు, కొండనాలుకతో సహా, వదులవుతాయి. గాలి ఆ ఇరుకులోంచి వెళ్తుంటే అవి అదురుతాయి. వెల్లకిలా పడుకుంటే ఎక్కువ. బెలూన్ మూతి సాగదీసి గాలి వదిలి చూపించండి, ఐపోతుంది. ఎవరైనా పిల్లలు "నేను కూడా రోజూ గురక పెడతా" అంటే ఇంట్లోవాళ్ళకి ఒక మాట చెప్పండి, టాన్సిల్స్ లాంటివి ఉండొచ్చు, డాక్టరుకు చూపించాలి. పెద్దవాళ్ళకి గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్ళీ మొదలైతే అది కూడా నవ్వుకునే విషయం కాదు. చాక్‌పీస్ గారూ, నాన్నగారిని ఒకసారి గమనించండి.

రెండోది. పాటలో నైటు డ్యూటీ నాన్నది, మిక్సీ అమ్మది. మా ఇంట్లో నైటు డ్యూటీ నాది, మిక్సీ ఆయనది, గురక మా అత్తమ్మది. మా వాడికి ఈ పాట చెబితే మొదటి మాట "మా ఇంట్లో ఇట్లుండదు" అనే అంటాడు. అది తప్పు జవాబు కింద కొట్టేయకండి.

చాక్‌పీస్ | గురువారం, రాత్రి 8:35

ఇవాళ చేశాను. పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

ముందు చప్పుళ్ళు. 38 మంది 38 చప్పుళ్ళు చెప్పారు. ఒకడు "మా ఇంట్లో ఫ్రిజ్జు ఏడుస్తది" అన్నాడు. తర్వాత పుస్తకాలు మూయించి గురక పెట్టాను. మొదటి గురకకి బిత్తరపోయి చూశారు, టీచరుకి ఏదో అయిందనుకున్నారు. రెండోదానికి పేలింది క్లాసు. మూసీగట్టు సార్ పిడికిలి పనిచేసింది, నూటికి నూరు. లెక్కల మేడం వచ్చారు కానీ తిట్టడానికి కాదు, "ఏంటది, మా వాళ్ళు కూడా అడుగుతున్నారు" అని.

బల్లి గుడ్లు ఇక్కడా పెట్టింది. ముగ్గురు పిల్లలకి. మిగతావాళ్ళు వాళ్ళతో కొట్లాడారు, నేను చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాను అంతే.

"అవ్వ సంచి ఎందుకు తీసింది?" అన్నదానికి పోయిన సోమవారం "బస్సు వచ్చింది కాబట్టి" అని రాసిన అమ్మాయే ఇవాళ లేచి "సంచిల ఆధార్ కార్డు ఉంటది టీచర్, అది లేకపోతే జీరో టికెట్ ఇయ్యరు" అంది. ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయ్యాక వాళ్ళ అవ్వ ఆ సంచి గోడకే తగిలించి ఉంచుతుందట. నేను రాసినప్పుడు ఇంత అర్థం లేదు దానికి.

చప్పట్లు కొట్టించాను. "లేడు" దగ్గర అందరూ నాలుగో చప్పట్ కొట్టి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "టీచర్, మాట మర్చిపోయారు" అన్నాడొకడు. మర్చిపోలేదు, అక్కడ ఏముందో చెప్పమన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "అక్కడ నాన్న గురక ఉండాలి" అని వెనక బెంచీ బాబు, ఆ రోజు నేను ష్ష్ అన్నవాడే, అన్నాడు.

ఇంతవరకు పండగే. అప్పుడు నేను "మరి మీ ఇంట్లో నాన్న గురక పెడితే మీకెలా ఉంటుంది?" అని అడిగాను. అందరూ చెవులు మూసుకుని చూపిస్తున్నారు. ఎప్పుడూ మాట్లాడని ఒక పాప లేచి "మా నాన్న గురక పెడితే మాకు మంచిగ అనిపిస్తది టీచర్. ఇంక లొల్లి ఉండది" అంది.

క్లాసంతా నవ్వింది. పాప కూడా కొంచెం నవ్వి కూర్చుంది. నాకు చేతులు చల్లబడ్డాయి. "సరే, బొమ్మలు గీయండి" అనేశాను. అప్పటి నుంచి అదే తిరుగుతోంది బుర్రలో. నేనేం చేసి ఉండాల్సింది?

నైట్‌డ్యూటీ | గురువారం, రాత్రి 9:02

ముందు మీరు నీళ్ళు తాగండి. క్లాసు ముందు ఆరా తీయకపోవడం మంచిపని.

రేపు పాపని పక్కకి పిలిచి ఇంటరాగేషన్ చేయొద్దు. ఏదో పని చెప్పండి, పుస్తకాలు సర్దమనో, చాక్‌పీసులు తెమ్మనో. ఆ పనిలో "నిన్న నువ్వు చెప్పింది నాకు గుర్తుంది" అని ఒక్క మాట అనండి. చెప్పాలనిపిస్తే చెబుతుంది. "ఎవరికీ చెప్పను" అని మాత్రం మాట ఇవ్వకండి, అవసరమైతే చెప్పాల్సి వస్తుంది. లొల్లి అంటే టీవీ సౌండు గొడవ కూడా కావచ్చు, ఊరికే భయపడొద్దు. ఒంటి మీద దెబ్బలు కనపడినా, ఇంటికి వెళ్ళడానికి జంకుతున్నా, మీ హెచ్‌ఎం‌కి చెప్పండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, ఏ టైములోనైనా చేయొచ్చు, టీచర్లు కూడా చేయొచ్చు. నేను చేశాను ఒకసారి.

పాతపలక | గురువారం, రాత్రి 9:30

ఉద్యోగంలో చేరిన కొత్తలో "మా నాన్న" అని వ్యాసం రాయమన్నాను. ఒక అబ్బాయి తెల్ల కాగితం ఇచ్చాడు. సోమరి అని బెంచీ ఎక్కించాను. వాళ్ళ నాన్న పోయి అప్పటికి నెల కాలేదని సాయంత్రం ప్యూన్ చెప్పాడు. అంతకంటే ఏమీ రాయలేను దాని గురించి.

ఇరానీచాయ్ | గురువారం, రాత్రి 10:10

సార్...

మేడం, నేను మొదట్లో వెక్కిరించినట్టు మాట్లాడాను, సారీ. ఒకటి మాత్రం నాకు అనిపించింది. పిల్లలు నవ్వింది పాప మీద కాదేమో. గురక మంచిగ అనిపిస్తది అంటే వాళ్ళకి అది తిరగేసిన జోకులా వినపడింది. ఆ పాప చాలా తెలివైన మాట అంది, మీ గేయం చివర్లో చెప్పిందే తను వేరే దారిలో చెప్పింది. అందుకని రేపు క్లాసులో "నిన్న నవ్వినందుకు సిగ్గుపడండి" అని లెక్చర్ ఇవ్వకండి. పాపకి ఇంకా ఇబ్బంది.

మూసీగట్టు | గురువారం, రాత్రి 10:44

ఇరానీచాయ్ భాయ్ చెప్పింది కరెక్ట్.

"మీ ఇంట్లో" అనే మాట దగ్గరే జారిందక్కా. నేను కూడా జారినవాణ్ణే. మా బడిలో కొందరి నాన్నలు గల్ఫ్‌లో, కొందరు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు, ఇద్దరు హాస్టల్ నుంచి వస్తారు. అందుకే ఇంటి పాట చెప్పినప్పుడు మూడు తలుపులు తెరిచి పెడతా. నీ ఇంటి గురించి రాయి, లేదా ఉత్తుత్తి ఇల్లు ఒకటి కట్టుకుని రాయి, లేదా పాటలో ఉన్న ఇంట్లోనే ఉండిపో. ఎవరు ఏ తలుపు తీశారో అడగను. ఉత్తుత్తి ఇల్లు అని చెప్పి నిజం రాసేవాళ్ళు ఉంటారు, నిజమని చెప్పి విమానం ఉన్న ఇల్లు రాసేవాళ్ళూ ఉంటారు.

మీ గేయంలో అసలు వరం ఏంటో తెలుసా? బల్లి. అది ఇంట్లోనే ఉంటది, కానీ ఇంటి మనిషి కాదు. అన్నీ చూస్తది. దాని చేత చెప్పించండి.

అచ్చులూ_హల్లులూ | శుక్రవారం, ఉదయం 6:55

బల్లి మాట నా నోటి దగ్గరి నుంచి లాక్కున్నారు. "బల్లి తన అమ్మకు రాసిన ఉత్తరం" అని ఇవ్వండి. స్వీయరచనా అవుతుంది, సృజనాత్మకతా అవుతుంది, మీ గడులు నిండుతాయి.

ఆ గడి గురించి కూడా, మొదట అడిగారు కదా. ఎంత పెద్దగా నవ్వారో, ఎన్నిసార్లు చెయ్యి ఎత్తారో దాని మీద వేయకండి. నోట్సు వెనక పేజీలో ఒక్కో పిల్లవాడి పేరు పక్కన వాళ్ళన్న మాట ఒకటి అలాగే రాసుకోండి, వాళ్ళ యాసలోనే. "సంచిల ఆధార్ కార్డు ఉంటది." గేయంలో లేని సంగతిని గేయానికి తగిలేలా తెచ్చింది, అంతకంటే ప్రతిస్పందన ఏముంటుంది? నోరు తెరవని పిల్లల బొమ్మ చూడండి. 38 మందివీ ఒక్క రోజులో రావు, నాలుగైదు పీరియడ్లు పడుతుంది.

కూకట్‌పల్లి_నాన్న | శుక్రవారం, రాత్రి 9:15

చిన్న అప్‌డేట్. మా పాప ఇప్పుడు గుడ్లురిమి చూడటం నేర్చుకుంది. రోజంతా నా మీదే ప్రాక్టీసు. గేయం మాత్రం తనే కాగితం చూసి చదివింది, రెండు చోట్ల ఆగింది, మళ్ళీ చదివింది. "గిర్రు అంటే అర్థమేంటి" అంది, అర్థం లేదు అంటే "మరి పెట్టొచ్చా అట్లా?" అని చాలా సీరియస్‌గా అడిగింది. పెట్టొచ్చన్నాను. అప్పటి నుంచి ఇంట్లో అన్నం గిన్నం, చెప్పులు గిప్పులు. ఎప్పుడూ మనం మాట్లాడేదే కదా, తను కనిపెట్టినట్టు ఉంది వాలకం.

చాక్‌పీస్ | మంగళవారం, రాత్రి 9:40

నిన్న, ఇవాళ రెండు పీరియడ్లు బల్లి ఉత్తరాలు రాయించాను. తప్పులు దిద్దలేదు, ఎర్ర పెన్ను ఇంట్లోనే వదిలి వెళ్ళాను. కొన్ని ఇక్కడ పెడుతున్నా, వాళ్ళ మాటల్లోనే.

"అమ్మా, ఈ ఇంట్ల రాత్రి భూకంపం వస్తది. పొద్దున ఆగుతది. నువ్వు రాకు."

"అమ్మా, వాళ్ళు నేను టిక్ టిక్ అంటే సత్యం సత్యం అంటరు. నేను ఏం చెప్పలేదు. ఆకలైంది అన్న."

"అమ్మా, నాన్న నైట్ డ్యూటీకి పోయిండు. నాకు నిద్ర రాలేదు. చెల్లిని నిద్ర పుచ్చుదామని నేను గురక పెట్టిన. చిన్నగ వచ్చింది. ఎవరికీ ఇనపడలే."

ఈ మూడోది వెనక బెంచీ బాబుది. స్టాఫ్ రూములో చదివితే లెక్కల మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

ఆ పాప సంగతి. శుక్రవారం చాక్‌పీసు డబ్బా సర్దమన్నాను, నైట్‌డ్యూటీ అక్క చెప్పినట్టే ఒక మాట అన్నాను. ఏమీ అనలేదు, రంగులవారీగా సర్దింది. సోమవారం తనే వచ్చి సర్దుతానంది. సర్దుతూ కొంచెం చెప్పింది. అది ఇక్కడ రాయను. హెచ్‌ఎం మేడంతో మాట్లాడాను, ఆవిడ ఇవాళ అమ్మని పిలిపించారు, వచ్చారు, చాలాసేపు కూర్చున్నారు. 1098 నంబరు ఇద్దరి దగ్గరా ఉంది.

పాప బల్లి ఉత్తరం రెండే వాక్యాలు. "అమ్మా, నేను ట్యూబ్‌లైట్ ఎనక ఉన్న, ఇక్కడ ఎచ్చగ ఉంటది. పురుగులు మస్తు దొరుకుతయి." కింద ట్యూబ్‌లైటు బొమ్మ, దాని వెనకనుంచి తోక ఒక్కటే కనపడుతోంది.

పాతపలక | మంగళవారం, రాత్రి 10:02

తోక ఒక్కటే. సరే.

ఆ కాగితం మీ దగ్గర దాచండమ్మా, గోడకు అంటించకండి.

ఇరానీచాయ్ | మంగళవారం, రాత్రి 10:20

మేడం, గేయం మా రెండో తరగతికి వాడుకోవచ్చా? మా ఏరియాలో మెట్రో పిల్లలే ఎక్కువ, "బస్సు వచ్చెనేమొ" బదులు "మెట్రొ వచ్చెనేమొ" పెడితే చప్పట్లు సరిపోయాయి, చూసుకున్నాను. కానీ అవ్వ ఆధార్ కార్డు పోతుంది. ఏం చేయమంటారు?

చాక్‌పీస్ | మంగళవారం, రాత్రి 10:26

నిరభ్యంతరంగా వాడుకోండి సార్. బస్సే ఉంచండి.

మా నాన్న కూడా ఇవాళ మాట్లాడారు. "నీ పాటలో కుక్క అబద్ధం, అది గురక లేకపోయినా అరుస్తది" అన్నారు.